ట్యాంకు వెనక బోల్టులు

గెస్ట్‌హౌస్, కింది అంతస్తు, చివరి గది.
సోమవారం.

వదినకి,

క్షేమంగా చేరాను. నా ఫోన్‌ని గేటు దగ్గరే తీసుకుని, చెప్పులు దాచినట్టు ఒక అరలో పడేసి చేతికి బిళ్ళ ఇచ్చారు. గెస్ట్‌హౌస్ కూడా కాంపౌండు లోపలే. వెళ్ళేటప్పుడు తప్ప ఫోన్ ఇవ్వరట. ఇక మిగిలింది వార్డెనమ్మ బల్ల మీద ఉన్న ఫోన్. ఆవిడ దాని పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉంటుంది. మనం మాట్లాడటం మొదలుపెడితే కత్తి చప్పుడు ఆగిపోతుంది. అందుకే ఉత్తరాలు రాస్తాను. నువ్వూ రాయి. ఫోన్‌లో అయితే పక్క గదిలో అన్నయ్య వింటాడని ఏదడిగినా "బాగానే ఉన్నారు" అంటావు. కాగితం మీద అబద్ధం ఆడటం కొంచెం కష్టం కదా.

నేను చూడటానికి వచ్చింది కరెంటు తీసే రియాక్టరు కాదు. చిన్నది, పరీక్షల కోసం కట్టింది. లోతైన నీళ్ళ తొట్టి, దాని అడుగున ఇంధనం, చుట్టూ మందపాటి గోడలు. కట్టినప్పుడు లెక్క వేసినదానికంటే ఇక్కడ భూమి గట్టిగా కంపించవచ్చని కొత్తగా తేలింది. దాంతో రియాక్టరును ఆపేసి, భూకంపానికి తట్టుకునేలా మార్పులు చేశారు. గోడలకు ఉక్కు కట్లు వేశారు. తొట్టి మీద తిరిగే క్రేను జారిపడకుండా అడ్డాలు పెట్టారు. పై అంతస్తులో ఉన్న నీళ్ళ ట్యాంకును కొత్త బోల్టులతో నేలకు బిగించారు. ఆ ట్యాంకే అన్నిటికన్నా ముఖ్యం. పంపులన్నీ ఆగిపోయినా అందులో నీళ్ళు వాటంతటవే కిందికి దిగి ఇంధనాన్ని చల్లబరచాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని నేను సంతకం పెడితే మళ్ళీ నడుపుకుంటారు.

అన్నయ్య పెట్టిన పేరు సార్థకమైందని చెప్పు. చిన్నప్పుడు గోడలూ బల్లలూ తడుతూ తిరిగేదాన్నని సుత్తి అన్నాడు. పెద్దయ్యాక నా వాగుడు పడలేక కూడా అదే అన్నాడు. ఇప్పుడు జీతం ఇచ్చి మరీ సుత్తితో తట్టమంటున్నారు.

ఇక్కడి పెద్దని అందరూ చీఫ్ అంటారు. మెత్తటి మనిషి. మెట్లెక్కుతూ ఆగి, "ఎంత తొందరగా అయితే అంత మేలమ్మా, చాలామంది ఎదురు చూస్తున్నారు" అన్నాడు. నాకూ తొందరగానే ఉంది. అన్నయ్యకు రెండో ఇంజెక్షన్ ఇచ్చే రోజుకల్లా అక్కడ ఉండాలని.

నీ
మరదలు


దుకాణం పైన, మన గది.
శుక్రవారం.

సుత్తమ్మకి దీవెనలు.

కాగితం మీద అబద్ధం కష్టమంటావా? నాకేం కష్టం లేదు. అవసరం లేదు కాబట్టి ఆడటం లేదు. మీ అన్నయ్య బాగానే ఉన్నారు. మొదటి ఇంజెక్షన్ తరవాత తిరిగొచ్చిన ఆకలి పూర్తిగా పోలేదు. పొద్దున కాసేపు కిందికి దిగి అద్దాలు అరగదీసే మిషను దగ్గర కూర్చుంటున్నారు. నేను గల్లా దగ్గర. మా ఇద్దరినీ కలిపి చూస్తే ఒక మనిషంత పని జరుగుతోంది.

మొన్న ఒక ముసలాయన కొత్త కళ్ళజోడు తీసుకెళ్ళి గంటలో వెనక్కి వచ్చాడు. నంబరు తేడా వచ్చిందేమోనని మీ అన్నయ్య కంగారుపడ్డారు. "నంబరు బ్రహ్మాండం బాబూ. ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి చూశాను. పాతదే ఇచ్చెయ్యి" అన్నాడాయన. మీ అన్నయ్య నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. కాస్త అలసట, అంతే.

రెండో ఇంజెక్షన్ మాత్రం వాయిదా పడింది. మందు రాలేదన్నారు. డబ్బాల్లో పెట్టి నిలవ చేసుకోవచ్చు కదా అని నర్సుని అడిగితే నన్ను చూసి నవ్వింది. ఇలాంటివి నీకు తెలుస్తాయి. నిలవుండని మందేమిటి? అదెక్కడ చేస్తారు? ఎవరినైనా అడిగితే త్వరగా పంపుతారా?

వేళకి భోంచెయ్యి. కొత్త చోటుకి వెళితే నువ్వు తిండి మరిచిపోతావు.

వదిన


గెస్ట్‌హౌస్.
బుధవారం.

వదినకి,

నర్సు నవ్వితే నవ్వనీ, నువ్వు అడిగింది తెలివైన ప్రశ్నే. ఆ మందు మంచుగడ్డ లాంటిది. తయారైన క్షణం నుంచీ కరుగుతూనే ఉంటుంది. వారం దాటితే సగం బలం పోతుంది. అందుకే దాచరు, దూరదేశాల నుంచి తెప్పించడమూ కష్టం. ఒంట్లోకి వెళ్ళాక క్యాన్సరు గడ్డ ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి దాన్ని లోపలి నుంచే కాలుస్తుంది. ఎక్కడ చేస్తారన్నది కనుక్కుని చెబుతాను.

ఇక్కడ పని బాగా సాగుతోంది. గోడల కట్లు చూశాను, బాగున్నాయి. క్రేను అడ్డాలు బాగున్నాయి. ట్యాంకు బోల్టుల్లో కొన్నింటిని జాకీ పెట్టి లాగి చూడాలని నియమం. ముందువైపున్న వాటిని వాళ్ళే ఎంచి చూపించారు. జాకీ మూలిగింది గానీ బోల్టు చలించలేదు. చీఫ్ మొహంలో వెలుగు చూడాల్సింది.

వెనకవైపు బోల్టులు మాత్రం మిగిలాయి. అక్కడ ట్యాంకుకీ గోడకీ మధ్య సందు మరీ ఇరుకు. పక్కకి తిరిగితే తప్ప మనిషి పట్టదు. పక్కకి తిరిగి వెళ్ళి సుత్తితో తట్టి వచ్చాను. జాకీ పెట్టి వాటినీ లాగాలన్నాను. నియమం ప్రకారం లాగాల్సినవి అయిపోయాయి కదా అన్నారు. చూద్దాం.

నిన్న పొద్దున టీ తాగుతుంటే భూమి కదిలింది. గ్లాసులో టీ వణికింది, అంతే. నేను బయటికి పరిగెత్తాను. వార్డెనమ్మ తలుపు దగ్గరికి కూడా రాలేదు. "అది అప్పుడప్పుడూ గొంతు సవరించుకుంటుందమ్మా" అంది. ఆవిడ ఇల్లు కంచెకి అవతలే. పిల్లల యూనిఫాములు ఆరేసిన తాడు నా కిటికీలోంచి కనిపిస్తుంది.

అన్నయ్య నిజంగా ఎలా ఉన్నాడు? "కాస్త అలసట" అని రాశావు. నువ్వు కాస్త అన్నావంటే నాకు భయం.

మరదలు


ఆసుపత్రి వరండా.
మంగళవారం.

అమ్మాయ్,

అబద్ధం ఆడాను. ఇక ఆడలేను.

ఆ ముసలాయన వచ్చిన రోజు మీ అన్నయ్య కుర్చీలో కూలబడలేదు, నేల మీద పడ్డారు. నేనూ ఆ ముసలాయనా కలిసి లేపాం. అప్పటి నుంచి మెట్లు దిగలేదు. మొదటి ఇంజెక్షన్‌తో తగ్గిన నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. ఒళ్ళు తుడుస్తుంటే ఎముకలు చేతికి తగులుతున్నాయి. నొప్పి వచ్చినప్పుడు నాకు వినపడకూడదని దిండు కొరుకుతున్నారు. పొద్దున దిండు గలీబు మారుస్తుంటే పళ్ళ గాట్లు కనిపించాయి. ఆయన చూడకుండా మడిచి పట్టుకెళ్ళాను. పదేళ్ళు చిన్నదానివైన నిన్ను ఎత్తుకు పెంచిన చేతులు గ్లాసు పట్టుకోలేకపోతున్నాయి.

ఇవాళ డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. మొదటి ఇంజెక్షన్‌కి గడ్డ బాగా లొంగిందని, ఇంకొకటి పడితే నిలబడే అవకాశం ఉందని అన్నాడు. కానీ కాలేయం ఇలాగే పాడవుతూ పోతే ఆ తరవాత మందొచ్చినా ఇవ్వకూడదట. తట్టుకోలేరట. ఎంత గడువుందని అడిగాను. వారాలు అన్నాడు గానీ ఎన్ని వారాలో చెప్పలేదు.

మందెందుకు రావడం లేదో కూడా చెప్పాడు. అది ఒక చిన్న రియాక్టరులో తయారవుతుందట. భూకంపం పనుల కోసం ఆపారట. పనులు అయిపోయాయట. తనిఖీకి వచ్చినవాళ్ళు ఇంకా సంతకం పెట్టలేదట.

బెంచీ మీద కూర్చుని నీ ఉత్తరాలు మూడోసారి చదివాను. అదీ ఇదీ ఒకటేనా? అవునో కాదో ఒక్క మాట రాయి. మంచుగడ్డలూ అవీ వద్దు.

వదిన


గెస్ట్‌హౌస్.
శుక్రవారం.

వదినా,

అవును. ఒకటే.

ఇక్కడికి వచ్చిన మూడో రోజున తెలిసింది. మందు పంపే సీసం డబ్బాలు ఒక గదిలో ఖాళీగా పేర్చి ఉన్నాయి. ఒకదాని మీద మన ఆసుపత్రి పేరు ఉంది. చీఫ్ పక్కనే ఉన్నాడు. నేను డబ్బా మీద దుమ్ము తుడిచినట్టు నటించి బయటికి వచ్చేశాను. నీకు రాయలేదు. తొందరగా పని ముగించి, మందుతో పాటే నేనూ ఇంటికొస్తాననుకున్నాను. అప్పటికి నాకు ఎక్కడా తప్పు కనిపించలేదు.

ఇప్పుడు కనిపించింది అనలేను. వినిపించింది. గట్టిగా నాటుకున్న బోల్టు తడితే ఖంగుమంటుంది. వెనకవైపువి కొన్ని మొద్దుగా పలికాయి. చూడటానికి ముందువాటిలాగే ఉన్నాయి, రంగు వేసి నిగనిగలాడుతున్నాయి. పైన పటారం, లోన ఏముందో లాగితే గానీ తెలియదు. నిజంగానే అవి పట్టులేనివైతే, పెద్ద కుదుపు వచ్చినప్పుడు ట్యాంకు జరుగుతుంది. జరిగితే గొట్టం తెగుతుంది. గొట్టం తెగితే నీళ్ళు చేరాల్సిన చోటికి చేరవు. ఆ తరవాత ఏమవుతుందో రాయలేను. నా కిటికీలోంచి వార్డెనమ్మ ఇంటి తాడు కనిపిస్తుందని రాశాను కదా.

అవి గట్టివే కావచ్చు కూడా. ఆ ఆశతోనే బతుకుతున్నాను. లాగినప్పుడు కదలకపోతే అదే రోజు సంతకం పెడతాను. జాకీకి ఆ సందులో పట్టే అమరిక వేరే చేయించాలి. వచ్చే వారానికి గానీ రాదు.

ఇంకొక సంగతి ఉంది. అది కూడా దాస్తే మనిషిని కాను. తనిఖీ ఫలితం మీద సొంతవాళ్ళ మంచిచెడ్డలు ఆధారపడి ఉంటే ఇన్‌స్పెక్టరు ఆ మాట వెంటనే చెప్పి తప్పుకోవాలి. అది నియమం. నేను చెప్పలేదు. చెబితే నా బదులు వచ్చే మనిషి ఎవరో నాకు తెలుసు. చెడ్డవాడు కాదు. నియమం అడిగిన పరీక్షలు అయ్యాయా అని చూస్తాడు. అయ్యాయి. కొన్ని మొద్దుగా పలికాయని నేను చెప్పినా, చప్పుడు లెక్కలోకి రాదంటాడు. ఆ సందులోకి దూరడు. మర్నాడే సంతకం పెడతాడు.

అంటే, వదినా, నేను నిజం చెబితే చాలు, అన్నయ్యకు మందొస్తుంది. నా చేతికి మట్టి కూడా అంటదు. నిద్రలో కూడా ఇదే ఆలోచన. ఇటు నుయ్యి, అటు గొయ్యి అనుకుంటారు గానీ ఇక్కడ అటువైపు గొయ్యి కూడా లేదు, చక్కటి దారి ఉంది. అందరూ శభాష్ అనే దారి. అందుకే అడుగు పడటం లేదు.

ఏం చెయ్యను? నిన్ను అడగకూడదు, తెలుసు. ఎవరిని అడగను?

మరదలు


ఆసుపత్రి వరండా.
సోమవారం.

ఇన్‌స్పెక్టరు గారికి,

మీ ఉత్తరం అందింది.

ఏం చెయ్యమంటారని అడిగారు కనుక చెబుతున్నాను. తప్పుకోండి. మిమ్మల్ని దొంగసంతకం పెట్టమనడం లేదు. అబద్ధం చెప్పమనడం లేదు. మీ నియమం ఏం చెప్పమంటోందో అది చెప్పమంటున్నాను. నాకొక అన్న ఉన్నాడు, చచ్చిపోతున్నాడు అని చెప్పండి. అది అబద్ధమా?

మొన్న భూమి కదిలితే గ్లాసులో టీ వణికిందని మీరే రాశారు. కింద పడనైనా పడలేదు. ఆ ఊరి వాళ్ళకి రేపు ఏదో కావచ్చు, ఎల్లుండి కావచ్చు, వాళ్ళ మనవల కాలానికీ కాకపోవచ్చు. ఇక్కడ నా ముందు మంచం మీద అవుతోంది. మీరు సుత్తితో తట్టి, చప్పుడు విని అనుమానపడ్డారు. ఆయన మూలుగు నేను వింటున్నాను. దాంట్లో అనుమానం ఏమీ లేదు.

ఆ వార్డెనమ్మ పిల్లల బట్టలు మీకు కిటికీలోంచి కనిపిస్తున్నాయి. మీ అన్నయ్య చొక్కాలు నేను కుట్టు విప్పి చిన్నవి చేస్తున్నాను. రోజురోజుకీ వదులైపోతున్నాయి. అవి కూడా కనిపించాలంటే మీరు ఇటువైపు కిటికీ ఉన్న గది అడగాల్సింది.

ఆయన మీ గురించే అడుగుతున్నారు. సుత్తి ఫోన్ చెయ్యలేదేమని. పనిలో ఉందని చెబుతున్నాను. ఏ పనిలోనో చెప్పలేదు. ఎలా చెప్పను? ఏ నోటితో చెప్పను?

మిమ్మల్ని చదివించడానికి ఆయన తన చదువు మానుకున్నారని నేను ఏనాడూ ఎత్తలేదు. ఇవాళ ఎత్తుతున్నాను. సిగ్గు లేకుండా ఎత్తుతున్నాను. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను. తప్పుకోండి.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


గెస్ట్‌హౌస్.
గురువారం.

వదినా,

నీ ఉత్తరం నా సంచీలో ఉండగానే ఈ పని చేశాను. చదవలేదనుకోకు.

ఇది జరిగి రెండు వారాలు దాటింది, నీకు రాయడానికి ధైర్యం చాలలేదు. నీ ఉత్తరం అందిన మర్నాడే జాకీ అమరిక వచ్చింది. నేను పక్కకి తిరిగి ఆ సందులోకి దూరాను. చీఫ్ ట్యాంకు చివర నిలబడ్డాడు. జాకీ బిగిస్తుంటే నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాను. కదలకూడదు, కదలకూడదు అని. ముందువైపు లాగినప్పటిలా ఇక్కడ జాకీ మూలగను కూడా లేదు. బోల్టు పాలపన్నులా చేతిలోకి ఊడి వచ్చింది. చూస్తే జానెడు ఉండాల్సింది నా బొటనవేలంత ఉంది. బిగించినవాళ్ళు తవ్వుతుంటే నేల లోపలి ఇనుప చువ్వ అడ్డం తగిలింది. దాన్ని తప్పించి వేరేచోట తవ్వడానికి బదులు బోల్టునే కోసేసి జిగురుతో అతికించారు. రెండోదీ అంతే. ఆ వరసలో సగం అంతే.

చీఫ్ అక్కడే బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చుండిపోయాడు. ఆయనకు తెలియదు, వదినా. మొహం చూస్తే తెలిసిపోయింది. ఊడిన బోల్టును చేతిలో తిప్పుతూ, "ఆసుపత్రుల నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయమ్మా. ఒకావిడ అయితే ఏడుస్తుంది. వాళ్ళకి ఏం చెప్పను?" అన్నాడు.

"ఆ ఎదురు చూసేవాళ్ళలో మా అన్నయ్య ఉన్నాడు" అన్నాను.

నా నోటి నుంచి అదెలా వచ్చిందో తెలియదు. ఆయన తలెత్తి చూసి, "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. "చెబితే మీరు ఇవాళ రియాక్టరు నడుపుతూ ఉండేవాళ్ళు" అన్నాను. ఆయన లేచి, నేను సందులోంచి బయటికి రావడానికి చెయ్యి అందించాడు.

ఆ సాయంత్రమే పైవాళ్ళకి ఫోన్ చేసి రెండూ చెప్పాను, బోల్టుల సంగతీ అన్నయ్య సంగతీ. వార్డెనమ్మ కత్తి ఆగింది. ఆగనీ అనుకున్నాను. మా పెద్దాయన అరవలేదు, అరిచినా బాగుండేది. విషయం దాచిన మనిషి చేసిన పరీక్ష చెల్లదని కట్టినవాళ్ళు గొడవ పెడతారట. ఇంకొకరు వచ్చి మొత్తం మళ్ళీ లాగి చూడాలట. అంతవరకు నేను సాక్షిగా ఇక్కడే ఉండాలట. అది అయ్యాక గానీ కొత్త బోల్టుల పని మొదలు కాదు.

చూశావా? వక్రమార్గాన వెళ్ళి మంచి పని చేశాననుకున్నాను. ఆ వంకరకి మూల్యం మళ్ళీ అన్నయ్యే చెల్లిస్తున్నాడు. నువ్వు తిట్టని తిట్లు కూడా నన్ను నేను తిట్టుకున్నాను.

ఊరుకోలేదు. చీఫూ నేనూ కలిసి వేరే దేశాల్లో ఇలాంటి మందు చేసే చోట్లన్నిటికీ ఫోన్లు చేశాం. అందరి దగ్గరా వాళ్ళ రోగులే వరసలో ఉన్నారు. ఒకచోట పంపుతామన్నారు, విమానం తప్పి గోదాములో ఉండిపోయింది. చేరేసరికి దాన్లో మందు లేదు, నీళ్ళే మిగిలాయని డాక్టరు అన్నాడట. ఆ సంగతి నీకు తెలిసే ఉంటుంది.

సాక్షిగా ఉండటం వచ్చే వారంతో అయిపోతుంది. రావచ్చా? నువ్వు వద్దంటే గుమ్మం బయట కూర్చుంటాను.

మరదలు


దుకాణం పైన.
శనివారం.

రా.

ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాం. ఇక మందొచ్చినా ఇవ్వనన్నాడు డాక్టరు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఇంకా వస్తుందనే ఎదురు చూస్తున్నారు.

నీ సంగతీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆయన నెత్తిన పెట్టకు. మొహం కడుక్కుని, నవ్వుమొహంతో మెట్లెక్కు. నాతో మాట్లాడాలని చూడకు. నా దగ్గర మాటలు లేవు. నీకు పక్క ఆయన గదిలోనే వేస్తాను.

వదిన


గెస్ట్‌హౌస్.
ఆదివారం.

వదినా,

కొత్త బోల్టులు లాగి చూసేటప్పుడు ఉండాలని పిలిస్తే మళ్ళీ వచ్చాను. నేను చేసిన పరీక్షా, నా తరవాత వచ్చినాయన చేసిన పరీక్షా ఒక్కలాగే తేలాయి కాబట్టి నన్ను ఉద్యోగం నుంచి తియ్యలేదు. కానీ ఇక తనిఖీలకు పంపరు. ఒక బల్ల ఇచ్చి పాత కాగితాలు సర్దమంటారట. పరవాలేదు.

ఈసారి ఒక్కటీ కదలలేదు. పోయిన వారం రియాక్టరు నడిపారు. తొట్టి అడుగున నీలంగా వెలుగొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. అన్నయ్య పోయాక నాకు ఏడుపు రాలేదని నువ్వు నన్ను వింతగా చూశావు. అక్కడ వచ్చింది. చీఫ్ వచ్చి ఒక మెట్టు పైన కూర్చున్నాడు. నేను లేచేదాకా ఉన్నాడు.

మన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ అడగలేదు. కానీ ఒకటి నీకు చెప్పాలి. చెబితే నీ బాధ పెరుగుతుందో తగ్గుతుందో తెలియదు. నా ఒక్కదాని వల్ల మొయ్యడం కావడం లేదు.

నువ్వు దుకాణంలోకి దిగిన ఒక మధ్యాహ్నం అన్నయ్యకు కాస్త తెరిపిగా ఉంది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇలాంటి కట్టడాలే చూస్తావు కదే. మందు చేసే చోట ఏదో భూకంపం పనిలో ఆగిందట. అక్కడ నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త తొందరగా కానివ్వమని చెప్పకూడదూ?" అన్నాడు.

చిన్నప్పటి నుంచి నన్ను ఏదీ అడగలేదు, వదినా. ఎప్పుడూ ఇచ్చేవాడే.

"చెబుతాను అన్నయ్యా" అన్నాను.

"మొహమాటపడకు, గట్టిగా చెప్పు" అన్నాడు. తరవాత నొప్పి రాకుండానే నిద్రపోయాడు. నిద్రలో నా చెయ్యి వదల్లేదు.

అంతే.

మరదలు


దుకాణం.
మంగళవారం.

అమ్మాయ్,

నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను. చదివి షట్టరు సగం దించేశాను. ఒకామె కళ్ళజోడు కోసం వచ్చి తలుపు కొట్టి వెళ్ళిపోయింది.

నిన్ను కూడా అడిగారా? నన్ను రోజూ అడిగేవారు. "ఆ పనేదో చేసేవాళ్ళకి ఇళ్ళలో మనుషులు ఉండరా? ఉంటే ఇంత ఆలస్యం చేస్తారా?" అని. నేను దిండు సర్దుతూ మొహం తిప్పుకునేదాన్ని. నీ పేరు నా నాలుక చివరికి వచ్చేది. మింగేసేదాన్ని. అది నీ మీద ప్రేమతో అనుకోకు. చెల్లెలు అన్నయ్య ప్రాణం కంటే దేన్నో ఎక్కువ అనుకుందని ఆయన తెలుసుకుని పోకూడదని.

నిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో కొత్త పిల్ల. గొంతులో సంతోషం. "మందొచ్చిందండీ, మీవారి వంతు. ఎప్పుడు తీసుకొస్తారు?" అంది. వాళ్ళ పుస్తకంలో ఆయన ఇంకా బతికే ఉన్నారు. ఆయన లేరని చెప్పాను. ఆ పిల్ల హడలిపోయి క్షమించమని ఏడ్చింది. నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఆయన తరవాత వరసలో ఎవరున్నారని అడిగాను. చెప్పకూడదు, అయినా చెప్పింది. ఎవరో స్కూలు టీచరట. వాళ్ళకి ఇవాళే ఫోన్ చెయ్యమన్నాను, రేపటిదాకా ఆగవద్దన్నాను, అది కరిగిపోతుందని చెప్పాను. "ఇక ఆగదులెండి, అక్కడ అంతా గట్టిగా చేశారట" అంది. తెలుసు అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ టీచరు గురించి ఆలోచించాను. ఆడో మగో కూడా తెలియదు. ఆ మనిషి మీద నాకు అసూయ కలిగింది. తరవాత ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. చుట్టూ జనం ఉన్నారు కదా.

నువ్వు చేసింది తప్పని ఇప్పుడు అనలేను. ఒప్పని నా నోటితో అనను. అనమని అడగకు. నా కోపం పోలేదు, ఎప్పటికైనా పోతుందో లేదో తెలియదు.

కానీ నిన్న ఆ ఫోన్ పెట్టేశాక, ఇలా జరిగిందని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరున్నారా అని వెతుక్కుంటే నువ్వు తప్ప ఎవరూ తట్టలేదు. ఆయన ఎలా నవ్వేవారో, విసుక్కుంటే కుడి కనుబొమ ఒక్కటే ఎలా లేచేదో నేను చెబితే తెలిసేది ఈ లోకంలో నీకొక్కదానికే. ఆ ఒక్కదాన్నీ దూరం చేసుకుంటే ఆయన నాకు ఇంకోసారి పోతారు.

పని అయిపోయింది కదా. తిన్నగా ఇక్కడికి వచ్చెయ్. ఈసారి పక్క నా గదిలో వేస్తాను. మాట్లాడతానో లేదో చెప్పలేను. రా.

వదిన